నీళ్ళ కంపెనీలో మా వాటా

2024 జూలై 28, ఆదివారం

నీవా వాటర్ వర్క్స్ వార్షిక నివేదిక ఈమెయిల్లో వచ్చింది. అట్ట మీద చిత్తూరు పంపుహౌసు ఫోటో, కింద ‘తొంభై ఏళ్ళ సేవ’ అని బంగారు రంగు అక్షరాలు. స్కూలు ఆఫీసులో నా ఉద్యోగం అయిపోయి నెల కూడా కాలేదు, అప్పుడే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ‘ప్రియమైన వాటాదారు గోదా గారికి’ అని ఉంది. రెండుసార్లు చదువుకున్నాను.

నాయన ఉన్నప్పుడు ఇది పోస్టులో వచ్చేది, ఖాకీ కవరులో. వచ్చిన వెంటనే చించడానికి లేదు. స్నానం చేసి, నుదుట తిరుమణి నామం దిద్దుకుని, కవరును పెరుమాళ్ళ ముందు కాసేపు పెట్టి, ఆ తరవాతే కత్తెరతో అంచు కత్తిరించేవాడు. లోపల డివిడెండ్ వారంటు ఉండేది. అది చెక్కే, కానీ నాయన వారంటనే అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట వింటే మా ఇంటికి పోలీసులొస్తారేమోనని నాకు భయం.

అప్పట్లో తిరుపతిలో మా వీధికి ట్యాంకరు రోజు మార్చి రోజు వచ్చేది. అమ్మ బిందెలు మోసి మోసి నడుం పట్టుకుని కూర్చుని, నాయనను చూసి అనేది: “చిత్తూరులో నీళ్ళ కంపెనీకి ఓనరంట. ఇంట్లో చూస్తే కాళ్ళు కడుక్కునేదానికి చెంబుడు నీళ్ళు లేవు.” నాయన నవ్వేవాడు. జీతం బకాయిలొస్తే గాజులు చేయిస్తానని అమ్మకు మాటిచ్చి ఈ షేర్లు కొన్నాడు మరి. నవ్వక ఏం చేస్తాడు.

2024 ఆగస్టు 3

షేరు ధర చూశాను. ఊరికే. అమ్మే ఉద్దేశం లేదు, కొనే ఉద్దేశమూ లేదు.

2024 ఆగస్టు 5

చూశాను. ఊరికే.

2024 ఆగస్టు 15, గురువారం

మా ఆయన పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ మొదలుపెట్టారు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, వడ్డీ లెక్క లేకుండా కాఫీ దిగదు. “మీ నీళ్ళ కంపెనీ ఇచ్చేది నూటికి మూడు కూడా లేదు గోదా. అమ్మి డిపాజిట్ వేసుకుంటే డబలు వస్తాది.” డిపాజిట్ వాళ్ళు ఏడాదికోసారి నన్ను పిలిచి కూర్చోబెట్టి లెక్క చెబుతారా అని అడిగాను. “చెప్పరు, డబ్బిస్తారు” అన్నారు. చక్రధర్ గారితో వాదించి గెలిచినవాళ్ళు లేరు, నేను లేచి వంటింట్లోకి వచ్చేశాను.

ఇది డబ్బు కోసం కాదు. ఆయనకు చెప్పినా అర్థం కాదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ప్రతి సెప్టెంబరులో కంపెనీ మీటింగుకు నాయన నన్ను చిత్తూరు తీసుకుపోయేవాడు. అన్న లేడు, తమ్ముడు లేడు, నాయనకు వారసుణ్ణి నేనే. ఎర్ర బస్సులో కిటికీ సీటు నాది. పంపుహౌసు ఆవరణలో మామిడిచెట్ల కింద షామియానా వేసేవాళ్ళు. వాటాదారులందరికీ అరటాకు భోజనం. నాయన బయట తినడు, పులిహోర డబ్బా సంచిలో ఉండేది. నేను డబ్బాలోదీ తినేదాన్ని, ఆకులోదీ తినేదాన్ని. తిన్నాక నాయన నన్ను నీళ్ళు వడకట్టే తొట్ల దగ్గరికి నడిపించుకుపోయి, అక్కడి కొళాయి కింద దోసిలి పట్టమనేవాడు. “తాగు. ఇవి మన నీళ్ళు.” మామూలు నీళ్ళే, కొంచెం ఇసుక వాసన. కానీ ఆ దోసిలి తాగి తిరుపతికి వచ్చిన పది రోజుల వరకూ నేను క్లాసులో ఎవరికీ లొంగేదాన్ని కాను.

ఒక ఏడు తిరుగు ప్రయాణంలో పూతలపట్టు కూడలి దగ్గర బస్సు ఆగిపోయింది. సెప్టెంబరే కానీ ఎండ మే నెలలా ఉంది. నాకు కళ్ళు తిరిగాయి. రోడ్డు పక్క గుడిసెలోంచి ఒక ముసలామె సత్తు చెంబుతో నీళ్ళు తెచ్చి తాగించింది. నాయన డబ్బులివ్వబోతే తీసుకోలేదు. “నీళ్ళకు దుడ్డేంది సామీ” అంది. ఇంటికొచ్చి నాయన అమ్మతో ఒక మాటన్నాడు, ఆ మాట మా ఇంట్లో చట్టం అయిపోయింది: “నీళ్ళమ్మి వచ్చే దుడ్డు నీళ్ళకే పోవాల పెరుందేవీ. ఇంట్లోకి రాకూడదు.” మరుసటి వేసవి నుంచి పూతలపట్టు కూడలిలో మా చలివేంద్రం మొదలైంది. తాటాకు పందిరి, ఇసుకలో కుండలు, కుండల్లో వట్టివేళ్ళు, నీళ్ళు పోయడానికి ఆ ముసలామే. ఆమె పోయాక ఆమె కోడలు పోలేరమ్మ. నాయన పోయి ఆరేళ్ళయింది, చలివేంద్రం ఒక్క వేసవి కూడా ఆగలేదు. ఇది నేను గొప్పకు రాసుకోవడం లేదు.

కొంచెం గొప్పకే రాసుకుంటున్నాను.

2024 ఆగస్టు 22, గురువారం

మీటింగు నోటీసు వచ్చింది. డివిడెండ్ రెట్టింపు! ఇకముందు కూడా ఇదే స్థాయిలో ఇవ్వగలమని చైర్మన్ నమ్మకం వెలిబుచ్చారు. ఆ పేజీ ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇలాంటి రోజులు తక్కువ.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అంతా చదివారు. “ఆరు తీర్మానాలుండాయి. చివరిది స్పెషల్ రిజల్యూషన్. ఆర్టికల్ నలభై ఒకటి తీసేస్తారంట. అదేందో వెనక పేజీల్లో రాసుంటారు, చూడు.”

నాయన ఏనాడూ చూడలేదన్నాను. నిజమే. చైర్మన్ ‘ఆమోదించేవాళ్ళు చేతులెత్తండి’ అనగానే షామియానా మొత్తంలో మొదట లేచే చెయ్యి నాయనది. ఎత్తి, నా వైపు వంగి, “చెయ్యెత్తు గోదా” అనేవాడు. నాకు ఓటు లేదు, తొమ్మిదేళ్ళు. అయినా ఎత్తేదాన్ని. ఇంటి పెద్దలు ఒక పని చేస్తుంటే కాగితాలు చూపించమని అడుగుతామా అనేవాడు నాయన. కంపెనీ ఆయనకు ఇంటి పెద్ద.

2024 సెప్టెంబరు 11, బుధవారం

ఫోన్లోనే ఓటు వేశాను. ఓటీపీ వచ్చింది, ఆరు వరసలు వచ్చాయి, ఆరింటికీ ‘సమ్మతం’ నొక్కాను. చెయ్యెత్తినంత సంబరం లేదు కానీ, నొక్కేటప్పుడు లోపల “చెయ్యెత్తు గోదా” అని వినిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక పేజీలు చదవలేదు. చదివేదేముంది.

2024 సెప్టెంబరు 14, శనివారం

మీటింగు నుంచి ఇప్పుడే వచ్చాను. బట్టలు కూడా మార్చుకోలేదు.

పంపుహౌసులో కాదు, చిత్తూరులో ఒక కల్యాణమండపంలో, ఏసీ హాల్లో. మామిడిచెట్లు లేవు, ఆకు భోజనం లేదు. గుమ్మంలో ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఒక నీళ్ళ సీసా ఇచ్చారు. సీసా వేరే కంపెనీది. నీళ్ళమ్మే కంపెనీ మీటింగులో కొన్న నీళ్ళు! నవ్వొచ్చింది, పక్కన చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఉన్న నలభై యాభై మందిలో సగం కంపెనీ ఉద్యోగులే.

లెక్కలు అయ్యాక ముందు వరసలోంచి మునిశేఖర్ గారు లేచారు. నాయన కాలం వాటాదారు, రిటైరైన ప్లీడరు. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడుగుతారని నాయన ఆయన్ని ‘ప్రశ్నల ప్లీడరు’ అని ఎగతాళి చేసేవాడు.

“అధ్యక్షా, నలభై ఒకటో ఆర్టికల్ అంటే ఏందో ఈడుండే వాళ్ళల్లో ఎంతమందికి తెలుసు? కంపెనీ పుట్టిననాడు పెద్దోళ్ళు రాసుకున్న మాటప్పా అది. మన పైపు పోయే ప్రతి ఈదిలో ఒక ధర్మ కొళాయి ఉండాల, దానికి నయాపైసా తీసుకోకూడదని. అది తీసేసినాక ఆ కొళాయిలన్నీ మూస్తారు. ఇంకముందు రెట్టింపు డివిడెండు ఇస్తామంటాండారే, అది యాణ్ణించి వస్తాదనుకుంటిరి?”

చైర్మన్ చాలా మర్యాదగా జవాబిచ్చారు. వృథా, లీకేజీ, ఆధునికీకరణ. ఫోన్లో ఓటు వేయనివాళ్ళు ఇప్పుడు ఇక్కడ వేయవచ్చన్నారు.

ఎప్పుడు లేచానో తెలియదు, మైకు నా చేతిలో ఉంది. ఇన్నేళ్ళలో ఆ మైకు మా ఇంటివాళ్ళు పట్టుకోవడం ఇదే మొదలు. “నేను మొన్ననే ఫోన్లో ఓటు వేశానండీ. చదవకుండా వేశాను. ఆరోది మార్చుకోవచ్చా?”

వేదిక మీద కంపెనీ సెక్రటరీ, స్రవంతి అనే అమ్మాయి, నా కూతురి వయసుంటుంది, మెల్లగా చెప్పింది. “లేదు మేడమ్. ఒకసారి ఫోన్లో వేసినాక మార్చేదానికి గానీ, ఇక్కడ మళ్ళా వేసేదానికి గానీ రూల్సు ఒప్పుకోవు. మీ అభిప్రాయం మినిట్స్‌లో రాసుకుంటాం.” వెనకాల ఎవరో నవ్వారు. కూర్చున్నాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే మునిశేఖర్ గారు దగ్గరికొచ్చారు. తిడతారనుకున్నాను. “మీ నాయన చెయ్యెత్తేది నాకింకా కండ్లల్లోనే ఉండాదమ్మా. ఆయన ఎత్తిన తీర్మానాలు ఆడిటర్ల జీతాలకు, లెక్కలకు. ఎట్లెత్తినా చెల్లిపాయె. ఇది అట్లాంటిది కాదు” అన్నారు. తిట్టినా బాగుండేది.

2024 సెప్టెంబరు 16, సోమవారం

ఫలితం వెబ్‌సైటులో పెట్టారు. నూటికి డెబ్బై అయిదు రావాలి. డెబ్బై అయిదు దాటింది, వెంట్రుకవాసి తేడాతో. చదవకుండా నొక్కిన పాతకాలపు కుటుంబాలు నాలాంటివి ఇంకో నాలుగైదు ఉంటాయట, అవి ఆగి ఉంటే తీర్మానమూ ఆగేదట. ఇది ఆయన చెప్పారు. మామూలు లెక్క చెప్పినట్టే చెప్పారు, నన్ను అనాలని కాదు.

2024 సెప్టెంబరు 18

నా ఒక్కదాని ఓటుతో ఏమీ మారేది కాదు.

2024 సెప్టెంబరు 19

ఏమీ మారేది కాదు.

2024 అక్టోబరు 4, శుక్రవారం

డివిడెండ్ జమ అయింది. ఫోను టింగుమంది, అంతే. కవరు లేదు, పెరుమాళ్ళ ముందు పెట్టడానికి ఏమీ లేదు. ఫోనునే పెట్టాను. ఆయన చూసి బయటికి వెళ్ళి నవ్వుకున్నారు.

ఆలోచిస్తే ఇది మంచికే. రెట్టింపు డబ్బు వస్తే రెండు చలివేంద్రాలు పెట్టవచ్చు. ఒక కొళాయి మూసినా ఇంకో పందిరి లేస్తుంది. నాయన ఉన్నా ఇదే చేసేవాడు.

2024 డిసెంబరు 3

తుఫాను. మూడు రోజులుగా వాన. వీధిలో మోకాటి లోతు నీళ్ళు. ఇన్ని నీళ్ళుండగా కొళాయి మూస్తే మాత్రం ఎవరికి కష్టం?

2025 మార్చి 9, ఆదివారం

పోలేరమ్మకు ఫోన్ చేశాను. ఎండలు ముందే వచ్చాయి, పందిరి త్వరగా వేయిద్దామని. ఈసారి కుండలు కూడా ఎక్కువ పెడదామన్నాను.

“కుండలు ఎన్నైనా పెడదాంలేమ్మా. నీళ్ళు యాణ్ణించి తెచ్చేది?”

“ఎప్పుడూ ఎక్కణ్ణించి తెస్తావో అక్కణ్ణించే.”

“ఎప్పుడూ మా ఈది ధర్మ కొళాయి నీళ్ళే గదమ్మా. జనవరిలో వచ్చి మూసేసి పోయినారు. నీకు తెలీదా?”

తెలీదన్నాను.

ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు మా డబ్బుతో వస్తున్నాయనే అనుకున్నాను. మా డబ్బు పందిరికి, కుండలకు, వట్టివేళ్ళకు, పోలేరమ్మ కూలికి. నీళ్ళు మాత్రం వాళ్ళ కుమ్మరి వీధివి. బాటసారుల దాహం తీర్చింది కుమ్మరి వీధి వాళ్ళు. పేరు మాది.

2025 మార్చి 12, బుధవారం

పూతలపట్టు వెళ్ళాను. పోలేరమ్మ నన్ను వీధిలోకి తీసుకుపోయి చూపించింది. కొళాయి దిమ్మె ఉంది, అంచులు బిందెలు ఒరిసి నున్నగా అరిగిపోయి. పైపు కోసేసి సిమెంటు పూశారు. పక్కన ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్ళు ట్యాంకరు కోసం కూర్చున్నారు. చిన్నప్పుడు మా అమ్మ కూర్చున్నట్టే, నడుం పట్టుకుని.

పోలేరమ్మ నన్ను వాళ్ళకు పరిచయం చేసింది. “నీళ్ళ కంపెనీ సామి కూతురు. మన చలివేంద్రం అమ్మ.” అందరూ లేచి నిలబడ్డారు. పోలేరమ్మ నా చెయ్యి పట్టుకుంది. “అది మీ కంపెనీనే గదమ్మా. ఒక్క మాట సెప్పి సూడు. నువ్వు సెప్తే ఇంటారు. ఈ మాట మీ దాకా వచ్చుంటే మీరు ఒప్పుకుంటారా యాడైనా.”

చెప్పి చూస్తానన్నాను. నా దాకా వచ్చిందనీ, ఒప్పుకున్నాననీ చెప్పలేకపోయాను. బస్సులో పూతలపట్టు నుంచి తిరుపతి దాకా ఏడ్చాను. పక్క సీటామె ఏమైందని అడిగితే మా నాయన గుర్తొచ్చాడన్నాను.

2025 మార్చి 14, శుక్రవారం

చిత్తూరు కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. ధర్మ కొళాయి మళ్ళీ తెరిచేది లేదన్నారు. ఎవరింటికైనా మీటరు కనెక్షన్ అయితే ఇస్తారట. పోలేరమ్మ ఇంటి వాకిట్లో ఇమ్మని, బిల్లు నా పేరున రాయమని అక్కడికక్కడే దరఖాస్తు పెట్టాను, డిపాజిట్ కట్టాను. వాటాదారునని చెప్పాను. వాటాదారులకు రాయితీ ఏమీ లేదని కౌంటరు అబ్బాయి విచారం వెలిబుచ్చాడు.

రాత్రి అన్నం తింటూ ఆయన అన్నారు: “వాళ్ళు నీకిచ్చే డివిడెండు నువ్వు వాళ్ళకే బిల్లుగా కడతావన్నమాట. బాగుండాది గోదా యాపారం. నీకు నష్టం లేదు, వాళ్ళకసలే లేదు.” ఆ తరవాత కాస్త మజ్జిగ పోసుకుని, “తక్కువబడితే నా పెన్షన్లో తీసుకో” అన్నారు. ఈ మనిషిని నేను ఇన్నేళ్ళుగా తిట్టుకుంటున్నాను.

2025 మార్చి 30, ఉగాది

పోలేరమ్మ వాకిట్లో కొళాయి వచ్చింది! ఫోన్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. వీధి మొత్తం పట్టుకుంటున్నారట. కూడలిలో పందిరి లేచింది, కుండలు నిండాయి. పచ్చడి నాయన పటం ముందు పెట్టి, నీ చట్టం తప్పలేదు నాయనా, నీళ్ళ డబ్బు నీళ్ళకే పోయింది అని గట్టిగా చెప్పాను. ఎన్ని నెలలైందో ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకుని. ఒక తప్పు చేశాను, దిద్దుకున్నాను. ఇక దాని గురించి రాయను.

2025 ఏప్రిల్ 20, ఆదివారం

రాయక తప్పదు.

ఈరోజు చెప్పకుండా వెళ్ళాను. కూడలిలో బస్సు దిగి, కుమ్మరి వీధిలోకి నడిచాను. పోలేరమ్మ వాకిట్లో ఆడవాళ్ళు వరసలో ఉన్నారు, చప్పుడు లేదు. బిందెల దగ్గర జగడం లేకుండా ఆడవాళ్ళు నిలబడటం నా జన్మలో చూడలేదు. దగ్గరికి వెళ్ళాక తెలిసింది. కొళాయికి తాళం ఉంది. తాళంచెవి పోలేరమ్మ రొండిన ఉంది.

“ఇదేంది పోలేరమ్మా?”

“మీటరు తిరగతాది గదమ్మా. నీ దుడ్డు. ఇట్లే ఇడిస్తే గేదెల్ను కూడా కడగతారు ఈ ముండలు. అందుకే ఇంటికి మూడు బిందెలని పెట్టినా. నువ్వు నమ్మి ఇచ్చినావు, నేను కాపాడాల గదా.” నేను మెచ్చుకుంటానని నా మొహంలోకి చూసింది. నెల కిందట ఈ ఆడవాళ్ళతోనే ట్యాంకరు కోసం కూర్చున్న మనిషి.

వరసలోంచి ఒక అవ్వ ముందుకొచ్చింది. ఆమె మూడు బిందెలూ అయిపోయాయి. కోడలు పురిటికి వచ్చిందట, ఇంకొకటి కావాలట. పోలేరమ్మను కాదు, నన్నే అడిగింది, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి. “ఇంకొక్క బిందె తల్లీ.”

నేను ఒకడుగు వెనక్కి వేశాను. “దండం ఎందుకవ్వా? పట్టుకో. ఇది మీదే.”

“మాదెట్లయితాది తల్లీ?” అంది అవ్వ. కోపం లేదు, నన్ను తప్పు పట్టడం లేదు, తెలియనిదానికి తెలియజెప్పినట్టు చెప్పింది. “మాది మూసేసిరి గదా. ఇది నీది.”

పోలేరమ్మ తాళంచెవి చేత్తో పట్టుకుని నేనేమంటానా అని నిలబడింది. వరస మొత్తం నా నోటి వైపే చూస్తోంది. అవ్వ ఎత్తిన చేతులు ఇంకా దించలేదు.

పోలేరమ్మ వైపు తిరిగి నేను ఊ అన్నాను.